ఐగుప్తు దాటిన తరువాత



ఉగాది మరునాడు కైరుప్పలలో జరుగు పిడకల సమరమును గూర్చి మన ప్రాంతములో వినని వారుండరు. ఆస్పరి మండలములోని ఆ ఊరిలో వీరభద్రస్వామి పక్షము ఒకటి, కాళికాదేవి పక్షము ఒకటి. ఊరంతయు రెండుగా చీలి, ముందుగానే కుప్పలు పోసి యుంచిన పిడకలను ఒకరి మీద ఒకరు విసరుకొందురు. దుమ్ము ఆకాశమునకు లేచును, కొందరి తలలు పగులును. అది ముగిసిన తరువాత ఇరుపక్షములవారు కలిసిపోయి, ఆ దేవతల కల్యాణము జరిపించుకొందురు. ఇది మన పొరుగువారి పండుగ. ఎగతాళి చేయుటకు నేను ఈ మాట ఎత్తలేదు. పగలు కొట్టుకొని పొద్దుగూకిన తరువాత కలిసిపోవువారిని చూచి, మన సంఘ కమిటీలు కొన్ని సిగ్గుపడవలసియున్నది.

ఆ పండుగ వారములో ఒక రాత్రి, ఆ ఊరికి సమీపమందున్న ఒక పల్లెలో కుటుంబ ప్రార్థన జరిగెను. వాక్యము చెప్పి ముగించిన తరువాత ఒక యౌవనుడు లేచి నన్ను ఇట్లడిగెను: "అయ్యగారూ, నేను పిడకల ఆటకు పోలేదు. ఆదివారం గుడి తప్పలేదు. మొన్న ఆదోని మార్కెట్టుకు తోలిన పత్తి మీద మాత్రం రాత్రిపూట నీళ్లు చల్లినాను. అందరూ చల్లుతారు. అక్కడ తరుగు తీసేవాళ్లు తీయరా? మనం ధర్మశాస్త్రం కింద లేము, కృప కింద ఉన్నాం గదా. ఇంక ఆ పది ఆజ్ఞలు మనకెందుకు?"

కూర్చున్నవారందరు నవ్విరి. నేనును నవ్వితిని. ఇంటికి వచ్చిన తరువాత ఆ నవ్వు నన్ను నిద్రపోనియ్యలేదు.

ఏలయనగా మన సంఘములలోను రెండు పక్షములు కలవు. ఒక పక్షము "ఆజ్ఞ, ఆజ్ఞ" అనుచు ఎవరు ఏ పండుగకు పోయిరో, ఎవరి గుమ్మమునకు ఎవరు తోరణము కట్టిరో లెక్క వ్రాసి పెట్టును. మరియొక పక్షము "కృప, కృప" అని గొంతెత్తి పాడి, త్రాసు చేత పట్టుకొనినప్పుడు ఆ పాటను మరచును. పిడకలు విసరుకొనువారికి కలిసిపోవు సాయంకాలము ఒకటున్నది. మనకు ఆ సాయంకాలము ఇంకను రాలేదు.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన తెలుగు క్రైస్తవుల తాతముత్తాతలు దీనికి నోటితో కాక తమ కడుపులతోను వీపులతోను జవాబు చెప్పియున్నారు. ఆ చరిత్రలో ఒక భాగమును మీ ముందుంచ గోరుచున్నాను.

మన సీమలో సువార్త చరిత్ర బళ్లారితో మొదలగును. లండన్ మిషనుకు చెందిన జాన్ హాండ్సు గారు 1810లో బళ్లారికి వచ్చి, అక్కడనే ఉండి బైబిలును కన్నడములోనికి తర్జుమా చేసిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిదే గనుక అది మన ఇంటి చరిత్రయే. అయితే నేను చెప్పబోవునది నల్లమల కొండలకు ఆవల, తూర్పున ఒంగోలు సీమలో జరిగినది. ఆ యౌవనుని ప్రశ్న అక్కడ ఎంత తేటగా పరీక్షింపబడెనో అంత తేటగా మరియొక చోట పరీక్షింపబడినట్లు నాకు తోచలేదు.

1866లో జాన్ ఎవరెట్ క్లౌ గారు నెల్లూరు నుండి ఒంగోలుకు కాపురము వచ్చిరి. ఆయన అమెరికా బాప్తిస్టు మిషను వారు. మిషనరీ కాకమునుపు భూముల సర్వే పని చేసినవారు. ఆయన పాఠశాలకు పై కులముల పిల్లలు వచ్చుచుండిరి, వారి తండ్రులు మర్యాదగా మాటలాడుచుండిరి. ఇంతలో మాదిగవారు కొందరు విశ్వాసులై బాప్తిస్మము కోరగా, వారిని చేర్చుకొనిన యెడల మేము రామని పెద్దలు చెప్పిరి. క్లౌ గారికి ఏమి చేయవలెనో తోచలేదు. ఆయన ఒక గదిలో బైబిలు తెరువగా కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము వచ్చెను. లోకము ఎన్నికలేనివారిగా ఎంచినవారినే దేవుడు ఏర్పరచుకొనెనని పౌలు చెప్పు చోటు అది. ఆయన భార్య వేరొక గదిలో, ఆయనకు తెలియకయే, తన బైబిలులో అదే చోటు తెరచియుండెను. ఆ దినముతో వారి సందేహము తీరెను.

ఆ మాదిగవారిలో యర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. తోళ్ల వ్యాపారము మీద ఉత్తరపు జిల్లాలకు పోయినప్పుడు ఆయన సువార్త వినెను. అంతకుముందే ఒక గురువును ఆశ్రయించి యోగము అభ్యసించినవాడు, సత్యము కొరకు చాలాకాలము తిరిగినవాడు. ఆయన 1866లో బాప్తిస్మము పొందెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము 8 మందితో ఏర్పడెను. ఆ నెలలోనే క్లౌ గారు పేరయ్య కోరికపై తాళ్లకొండపాడుకు పోయి, కొన్ని దినములు అక్కడి చెట్ల నీడను బోధించి 28 మందికి బాప్తిస్మమిచ్చిరి.

చదువురానివారు, దూరదూరపు పల్లెలవారు, ఒంగోలుకు మరల ఎప్పుడు వత్తురో తెలియనివారు వారు. వారికి ఏమి బోధించి పంపవలెను? అక్కడ మూడు కట్టడలు నిలిచెను. ఆదివారము పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసము తినవద్దు, విగ్రహములకు మ్రొక్కవద్దు. అంతే. వ్రేళ్ల మీద లెక్కపెట్టుకొని ఇంటికి పోవచ్చును.

చదువరీ, ఇక్కడ ఒక్క క్షణము ఆగుము. ఈ మూడు మాటలు వారికి రక్షణ పొందుటకు నిచ్చెనగా ఇయ్యబడలేదు. వారు ముందుగా క్రీస్తును నమ్మిరి, తరువాత కట్టడలు వచ్చెను. నిర్గమకాండము 20వ అధ్యాయములోని క్రమము కూడ ఇదియే. మొదట యెహోవా ఇశ్రాయేలీయులను దాస్యగృహమునుండి వెలుపలికి రప్పించెను, ఎఱ్ఱసముద్రము దాటించెను, మన్నా తినిపించెను. ఆ తరువాత గదా సీనాయి! ఆజ్ఞలు చెప్పకమునుపు, మిమ్మును విడిపించినవాడను నేనే అని ఆయన తన్ను తాను తెలియజేసికొనెను. ఐగుప్తులో ఇటుకలు తొక్కుచున్న వారి యొద్దకు మోషే రెండు పలకలు తెచ్చి, వీటిని పదింటికి పది గైకొనుడి, అప్పుడు మిమ్మును విడిపింతునని చెప్పలేదు. ఆలాగు చెప్పియుండినచో వారు నేటికిని ఐగుప్తులోనే యుందురు.

సరే, ఆ మూడింటిలో మొదటిది ఆదివారము. ఇది చిన్న సంగతివలె కనబడును. మనకు ఆదివారమనగా ఉతికిన బట్టలు, గుడి గంట. ఆ దినములలో మాదిగవానికి ఆదివారమనునది లేదు. రైతు పిలిచిన పొద్దున పోవలెను. ఊరిలో పశువు చచ్చినయెడల దానిని ఈడ్చుకొని పోవుట వాని విధి. ఆ తోలుతో రైతుకు చెప్పులు, వార్లు, కపిల బానకు తొండము కుట్టి ఇయ్యవలెను. అందుకు ప్రతిగా కళ్లములో వానికి కొన్ని మేర గింజలు కొలుతురు. వాని దేహము ఊరిది, వాని దినములు ఊరివి. అట్టివాడు పోయి, "అయ్యా, ఏడు దినములలో ఒక దినము నేను రాను, ఆ దినము నా దేవునిది" అని చెప్పినప్పుడు ఊరి పెద్దలకు కోపము వచ్చుటలో ఆశ్చర్యమేమి? ఆ మాటలోని అర్థము మన ప్రసంగికులలో చాలామందికంటె ఊరి పెద్దలకే బాగుగా తెలిసెను. ఒక దినము తనది కానివాడు పూర్తిగా తన దాసుడు కాడు.

ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయము తీసి చూడుడి. విశ్రాంతి దినపు ఆజ్ఞకు అక్కడ చెప్పబడిన కారణము సృష్టి కాదు, ఐగుప్తు. నీవు దాసుడవై యుంటివి గనుక నీ దాసుడును నీ దాసియు నీవలె విశ్రమింపవలెనని దేవుడు సెలవిచ్చుచున్నాడు. ఎద్దును, గాడిదయు సహా ఆ లెక్కలో కలవు. (లూథరు గారి లెక్కలో ఇది మూడవ ఆజ్ఞ, మనలో చాలామంది లెక్కలో నాలుగవది. లెక్క కొరకు పోట్లాడవద్దు.) ఈ ఆజ్ఞ ముందుగా పని చేయించువానితో మాటలాడుచున్నది, తరువాతనే పని చేయువానితో. ఈ సంగతి గుర్తుంచుకొనుడి, నేను మరల దీని యొద్దకు రావలసియున్నది.

విగ్రహముల సంగతి కూడ అట్టిదే. గ్రామదేవత జాతరలో తప్పెట కొట్టుట మాదిగవారి పని. వారు కొట్టమనిరి. బావులు మూయబడెను. చాకలి బట్టలు ఉతకలేదు, అంగడివాడు ఉప్పు అమ్మలేదు. వారికి కళ్లము గింజలు పోయెను. ఈ విధముగా చాలా పల్లెలలో జరిగెను. కృప క్రింద ఉన్నాము గదా, ఒక దినము తప్పెట కొట్టినంత మాత్రమున ఏమగునని వారిలో ఎవరైన అనియుండినచో లోకన్యాయము ప్రకారము అది తెలివిగల మాటయే. అయితే తమ్మును కొనిన ప్రభువు ఒక్కడే గనుక ఇద్దరు యజమానుల తప్పెట కొట్టలేమని వారు ఎంచిరి. ధర్మశాస్త్రము అక్కడ కాడివలె వారి మెడ మీద పడలేదు. కాడి తీసివేయబడిన మెడ ఏలాగుండవలెనో అది వారికి చూపెను.

ఇక చచ్చిన పశువు మాంసము. ఇక్కడ నేను మన పెద్దలతో కొంచెము భిన్నముగా చెప్పవలసియున్నది. ఈ కట్టడ పది ఆజ్ఞలలో లేదు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయములో ఇశ్రాయేలీయులకు అది నిషేధింపబడినను, అదే వచనములో ఊరిలోనున్న పరదేశికి దానిని ఇయ్యవచ్చునని యున్నది. దొంగిలించుట అట్లు చెప్పబడలేదు. నరహత్య పరదేశికి చెల్లునని ఎక్కడను లేదు. కాబట్టి ఇది అందరికిని ఎల్లప్పుడును వర్తించు నైతిక ధర్మము కాక, ఇశ్రాయేలును ప్రత్యేకపరచిన ఆచార ధర్మములోనిది. మరి ఒంగోలు సంఘము దానిని ఎందుకు పట్టుకొనెను? అందుకు కారణములు లేకపోలేదు. చచ్చిన పశువు వలన రోగములు వచ్చును. పశువు చచ్చిన ప్రతిసారి, తోలు కొరకు మాదిగవారే విషము పెట్టిరను నింద వచ్చును. ఆ మాంసము వెట్టి బ్రదుకునకు గురుతు. దానిని మానుట తల యెత్తుకొనుటయే. ఇవన్నియు మంచి కారణములు. అయినను మంచి కారణము వేరు, దేవుని నైతిక ధర్మము వేరు. ఈ రెండిటిని కలిపివేసిన చోట, పై కులము కంటికి శుభ్రముగా కనబడుటయే పరిశుద్ధత అను భ్రమ మన సంఘములలో ప్రవేశించెను. ఆకలిగొని తిన్నవానిని పాపి అంటిమి. కడుపునిండ తిని కూలి ఎగవేసినవానిని పెద్ద అంటిమి.

తరువాత కరువు వచ్చెను. 1876 మొదలు 1878 వరకు, ధాత సంవత్సరములో మొదలైనందున మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనినది అదియే. బళ్లారి, కర్నూలు జిల్లాలు అందులో ఘోరముగా దెబ్బతినెను. ఒంగోలులో క్లౌ గారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి దొరకజేసిరి. ఆయన సర్వే చదువు అక్కడ అక్కరకు వచ్చెను. ఆ కాలములో బాప్తిస్మము కావలెనని జనులు గుంపులుగా వచ్చిరి. ఆయన ఇయ్యలేదు. గింజల కొరకు వచ్చువారెవరో ప్రభువు కొరకు వచ్చువారెవరో తెలియవలెనని 15 నెలలు బాప్తిస్మములు ఆపివేసిరి. సహాయపు పని ముగిసిన తరువాతనే ద్వారము తెరచిరి. ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద, 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తము 3,536 మంది మూడు దినములలో బాప్తిస్మము పొందిరి. బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగి, అలసినవారి స్థానమున మరి ఇద్దరు దిగుచు ఆ పని జరిగించిరి. ఆ సంవత్సరాంతమునకు ఆ లెక్క 9,606కు చేరెను. ఈ సంఖ్యలను మనము తరచుగా ఉత్సాహముతో చెప్పుకొందుము. నాకైతే ఆ 2,222 కంటె, సున్నగా నిలిచిన ఆ 15 నెలలే ఎక్కువగా మాటలాడును. ఆకలి దినములలో గింజ చూపి విశ్వాసము కొనుట అబద్ధ సాక్ష్యమునకు దగ్గర సంబంధియని ఎరిగిన మనుష్యుడు ఆలాగు ఆగును.

ఇంత పెద్ద జనసమూహమునకు బోధించువారు మిక్కిలి కొద్దిమంది. అందువలన చాలా పల్లెలలో ఆ మూడు కట్టడలే మొత్తము ధర్మశాస్త్రమాయెను. మిగిలినది బోధించుటకు ఎవరును త్వరగా రాలేదు. ఇది వారి తప్పని నేననను. తరువాత వచ్చిన మా వంటి చదువుకొనిన పాదిరుల తప్పు అనుచున్నాను.

ఇక దూరదేశపు సంగతి ఒకటి క్లుప్తముగా చెప్పెదను, ఎందుకనగా ఆ పత్తి యౌవనుని మాటను దాదాపు 500 సంవత్సరముల క్రిందటనే ఒక పండితుడు పలికియుండెను. జర్మనీ దేశములో మార్టిన్ లూథరు గారి ఊరివాడే, ఆయన శిష్యుడే, యోహాన్ అగ్రికోలా అనునతడు ఉండెను. విశ్వాసికి సువార్త చాలును, పది ఆజ్ఞలు కచేరీలో ఉండదగినవే గాని ప్రసంగపీఠమునకు అవి వద్దని అతడు వాదించెను. కృపను అంత గట్టిగా చాటించిన లూథరు గారు దీనిని మెచ్చుకొందురని ఎవరైన అనుకొందురు. ఆయన మండిపడిరి. 1537 మొదలుకొని విశ్వవిద్యాలయములో ఆ బోధకు విరోధముగా వాదములు జరిపి, 1539లో ఒక పత్రము వ్రాసిరి. అగ్రికోలా 1540లో బెర్లినుకు పోయెను. అంతకు ముందు 1529లోనే లూథరు గారు పిల్లల కొరకు వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో మొట్టమొదట పది ఆజ్ఞలనే పెట్టియుండిరి. మన వారికి సంతోషకరమైన సంగతి ఏమనగా, మద్రాసులో పని చేసి తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జు గారు ఆ ప్రశ్నోత్తరిని తెలుగు చేయగా, అది 1746లో జర్మనీలోని హాలే పట్టణమున అచ్చుపడెను. తెలుగు లిపిలో అచ్చయిన మొట్టమొదటి పుస్తకములలో అది ఒకటి. మన అక్షరములు అచ్చులో పుట్టిన దినముననే పది ఆజ్ఞలు వాటిలో నిలిచెనన్నమాట.

1563లో హైడెల్‌బెర్గులో వ్రాయబడిన మరియొక ప్రశ్నోత్తరి ఆ ఆజ్ఞలను వేరొక స్థలములో పెట్టెను. మొదట మానవుని దురవస్థ, తరువాత విమోచన, కడపట కృతజ్ఞత అను మూడు భాగములలో పది ఆజ్ఞల వివరము ఆ మూడవ భాగములో, కృతజ్ఞత క్రింద వచ్చును. ఒకరు ముందు పెట్టిరి, ఒకరు వెనుక పెట్టిరి. నా మట్టుకు నాకు ఇద్దరును సరియే. ముందు పెట్టినప్పుడు అది అద్దము. ముఖము మీది మసి చూపును గాని, ఆ అద్దముతో మసిని రుద్ది పోగొట్టుకొనలేము. అందుకు క్రీస్తు రక్తము కావలెను. ముఖము కడుగబడిన తరువాత అదే ధర్మము దారి యగును. కడుగబడినవాడు ఏ దిక్కుగా నడువవలెనో చూపును. పౌలు రోమా 6వ అధ్యాయములో మనము ధర్మశాస్త్రమునకు లోబడినవారము కామని చెప్పి, ఆ వెంటనే, అట్లయితే పాపము చేయుదమా అని తానే అడిగి, కూడదని తానే గట్టిగా చెప్పెను. మన యౌవనుడు మొదటి సగము చదివి పుస్తకము మూసెను. 13వ అధ్యాయములో అదే పౌలు వ్యభిచారము, నరహత్య, దొంగతనము, దురాశలను గూర్చిన ఆజ్ఞలను పేరుపేరున ఎత్తి, అవన్నియు పొరుగువానిని ప్రేమించుటలో ఇమిడియున్నవని చూపుచున్నాడు. ప్రేమ వచ్చినందున దొంగతనము చెల్లునని ఆయన అనలేదు. ప్రేమించువాడు దొంగిలింపలేడనెను.

పత్తి మీద చల్లిన నీళ్లు ఆ యౌవనుడు చిన్న సంగతి అనుకొనెను. అయితే ఆమోసు 8వ అధ్యాయములో అతని వంటివారే కనబడుదురు. వారు విశ్రాంతి దినమును తప్పరు, గుడిలో కూర్చుందురు. కూర్చుండి, ఈ దినము ఎప్పుడు గడచునో, ఎప్పుడు కొలపాత్ర తగ్గించి త్రాసు వంచి ధాన్యము అమ్ముదుమో అని ఆలోచింతురు. దేవుడు వారి ఆదివారమును మెచ్చుకొనలేదు. తరుగు తీయు వ్యాపారికిని ఆ వచనములోనే వాటా కలదు, అతనిని నేను విడిచిపెట్టుట లేదు. అయితే అతడు మన ప్రార్థనకు రాలేదు, నీళ్లు చల్లినవాడు వచ్చెను.

మూడు కట్టడలు గురుతుగా మారి, మిగిలిన ఆజ్ఞలు మరుగున పడిన విధము మీ ఊళ్లలో మీరే చూడుడి. మ్రొక్కము, అది మంచిది. ఆదివారము గుడికి పోదుము, అదియు మంచిది. అయితే చాలా ఊళ్లలో మాలవారికి ఒక గుడి, మాదిగవారికి ఒక గుడి. ఒకే బల్ల రొట్టె తినువారు ఒకరి ఇంట ఒకరు పిల్లనియ్యరు. కట్నము అడిగినవాని మీద సంఘక్రమశిక్షణ జరిగినదని నేను ఎన్నడును వినలేదు. పొరుగువానిది ఆశింపవద్దను ఆజ్ఞ పలక మీద పదవ స్థానములో ఉన్నందున అక్కడిదాక చదువుటకు మనకు తీరిక దొరకలేదు కాబోలు.

ఇతరుల సంగతి చాలును. విశ్రాంతి దినపు ఆజ్ఞ యొద్దకు మరల వత్తునని చెప్పితిని గదా.

నేను సెమినరీ ముగించుకొని వచ్చిన క్రొత్తలో ఒక పల్లె సంఘములో పని చేసితిని. ఊరి పేరు చెప్పను. ఆ సంఘములో ఒక విధవరాలు ఉండెను, ఇద్దరు పిల్లలు. శెనగకాయలు పెరుకు కాలములో ఆమె రెండు ఆదివారములు వరుసగా గుడికి రాక పొలమునకు పోయెను. మూడవ ఆదివారము ప్రభురాత్రి భోజనము. నేను సంఘము ముందర ఆమె పేరు చెప్పి, విశ్రాంతి దినమును మీరినందున బల్లలో పాలు లేదంటిని. నాకప్పుడు ఇరువదియారు సంవత్సరములు. పరిశుద్ధతను కాపాడితినని అనుకొంటిని. ఆమె ఏమియు చెప్పక కొంగు నోటికి అడ్డము పెట్టుకొని కూర్చుండెను.

కొన్ని నెలల తరువాత తెలిసినది. ఆమె పోయిన పొలము మా సంఘపెద్దలలో ఒకరిది. ఆయన మేస్త్రీ ఆ వారపు కూలి ఆపివేసి, ఆదివారము కూడ వచ్చి చేను ముగించిన వారికే డబ్బని చెప్పియుండెను. ఆమె చేలో వంగి కాయలు పెరుకుచున్న ఆ గడియలలో, ఆ చేను గల పెద్ద గుడిలో మొదటి బల్ల మీద కూర్చుండి నా ప్రసంగము వినుచుండెను. నీ దాసుడును నీ దాసియు అని చెప్పు ఆ ఆజ్ఞ ఆయన కొరకు వ్రాయబడగా, నేను దానిని తీసికొనిపోయి ఆమె మీద ప్రయోగించితిని. ఆయన చేతికి నేనే రొట్టె అందించితిని.

సంగతి తెలియునప్పటికి ఆమె పిల్లలను తీసికొని సుగ్గికి పోయియుండెను, గుంటూరు వైపు మిరపకాయలు కోయుటకు. మీ ఊళ్లనుండియు ఎందరో పోవుదురు, ఆ ఇండ్ల తాళములు మీరెరుగుదురు. ఆమె తిరిగి వచ్చినది వేసవి ముదిరిన తరువాత. వచ్చినదని విని ఆమె ఇంటికి పోయితిని. ఆమె గడప కడుగుచుండెను. నేను నిలుచుండియే, "అమ్మా, నేను తప్పు చేసితిని. నీ మీద అన్యాయముగా మాటలాడితిని. వచ్చే ఆదివారము సంఘము ముందర ఆ మాట చెప్పెదను, నీవు బల్లకు రావలెను" అంటిని.

ఆమె చేతి నీళ్లు దులుపుకొని నా వైపు చూచెను. కోపము లేదు. "వస్తాలే అయ్యగారూ," అనెను. "అది సరే. ఆ వారం కూలి ఇప్పించినారా?"

ఇప్పించలేదు. ఇన్ని నెలలు నేను నా తప్పును గూర్చి ప్రార్థించితిని గాని, ఆ కూలిని గూర్చి అడుగవలెనని నాకు తోచనే లేదు. ఆమె యొద్ద సెలవు తీసికొని, పొద్దుగూకక ముందే ఆ పెద్ద ఇంటికి పోతిని.